ఆనందం కూడా హక్కే

తెలుగునాట ముస్లిం అనగానే లోకానికి రెండే ముఖాలు గుర్తుకు వస్తాయి. ఒకటి అనుమానితుడిది, రెండవది బాధితుడిది. మొదటిది మన మీద రుద్దినది. రెండవది న్యాయం కోసం మనమే లోకం ముందు నిలిపినది. 1991లో ఖాదర్ మొహియుద్దీన్ ‘పుట్టుమచ్చ’, 1998లో ‘జల్‌జలా’ సంకలనం మన గాయాన్ని తెలుగు సాహిత్యానికి చూపించాయి. ఆ పని అవసరమైనది, ఇంకా మిగిలే ఉన్నది. కానీ గాయాన్ని చూపించినంత మాత్రాన అది మానదు. మాన్పుకునే పనిని మన ఉద్యమాలు ఇళ్లలోని ఆడవాళ్లకు వదిలేశాయి. ఇది ఇక చెల్లదని మేము అంటున్నాము.

2022 జూలైలో భద్రాచలం వద్ద గోదావరి 71 అడుగులు దాటింది. మూడవ ప్రమాద హెచ్చరిక 53 అడుగులకే ఇస్తారు. ఏటి ఒడ్డున కోయలు, దళితులు, ముస్లింలు ఒకే నీటిలో మునిగారు. నష్టాన్ని లెక్కగట్టేటప్పుడు ఇల్లు, పశువు, పంట లెక్కకు వస్తాయి. ఆషాఢంలో మబ్బు పట్టగానే నిద్ర కరువయ్యే తల్లి మనసు ఏ లెక్కలోకీ రాదు. పేరు విని అద్దెకు ఇల్లు లేదన్నప్పుడు యువకుడు మింగిన అవమానానికీ లెక్క లేదు.

అలాంటి వారికి మనం ఇచ్చే సలహా ఒక్కటే: సబర్ చేయి. సబర్ గొప్ప గుణం. అయితే ఏడవవద్దని, ఎవరికీ చెప్పుకోవద్దని దానికి అర్థం కాదు. పసిబిడ్డ ఇబ్రాహీం మరణించినప్పుడు ప్రవక్త ముహమ్మద్ (స) కంటతడి పెట్టారు. హజ్రత్ ఖదీజా (ర), అబూ తాలిబ్ కన్నుమూసిన సంవత్సరానికి మన చరిత్రలో దుఃఖ సంవత్సరమనే పేరు నిలిచింది. దుఃఖానికి పేరు పెట్టి గుర్తుంచుకున్న సంప్రదాయం మనది. దుఃఖపడేవాడిని ఈమాన్ తక్కువవాడని నిందించే హక్కు ఎవరికి ఉన్నది?

సంతోషం విషయమూ అంతే. ఈద్ నాడు మదీనా మసీదులో హబ్షీలు ఈటెలతో ఆడుతుంటే ప్రవక్త (స) వారిని ఆడనిచ్చారు, హజ్రత్ ఆయిషా (ర) చూసేందుకు వీలు కల్పించారు. ఆఫ్రికా నుంచి వచ్చిన హబ్షీల వారసులు మన హైదరాబాదులోనూ ఉన్నారు. నిజాం కొలువులోని ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ పేరే ఏసీ గార్డ్స్ బస్తీకి వచ్చింది. 1948 తరువాత ఆ కొలువు పోయింది, వారి మర్ఫా పోలేదు. ఈ నాటికీ హైదరాబాదు పెళ్లి బరాత్‌లలో అది మోగుతూనే ఉన్నది. బతుకుతెరువు పోయిన జనం తమ తాళాన్ని మాత్రం ఎవరికీ అప్పగించలేదు. అమెరికాలోని నల్లజాతి రచయితలు, ఉద్యమకారులు కూడా అణచివేత నడుమ ఆనందాన్ని కాపాడుకోవడం పోరాటంలో భాగమేనని చెబుతున్నారు.

మన ప్రాంతానికీ అటువంటి వారసత్వం ఉన్నది. తెలంగాణ పల్లెల్లో పీర్ల పండుగ ముస్లింలది మాత్రమే కాదు. కర్బలా దుఃఖాన్ని ఊరంతా భుజాన ఎత్తుకుంటుంది. ఖమ్మం జిల్లా బిడ్డ అఫ్సర్ అనంతపురం జిల్లా గూగూడు పీర్ల పండుగపై పరిశోధించి 2013లో ఆంగ్లంలో గ్రంథమే ప్రచురించారు. ఈ కలయికను విడదీయాలని బయటి మతోన్మాదులు చూస్తున్నారు. అజ్ఞానమని ఎగతాళి చేస్తూ మనవారిలో కొందరు వారి పనిని సులువు చేస్తున్నారు. అఖీదా విషయంలో భిన్నాభిప్రాయాలు ఉండవచ్చు, వాటిని గౌరవిస్తాము. పేదవాడి పండుగను అవమానించడాన్ని మాత్రం ఒప్పుకోము. భద్రాద్రి కల్యాణానికి ముత్యాల తలంబ్రాలు పంపే ఆచారం గోల్కొండ పాలకుల నాటిదని చెప్పుకుంటాము. పొరుగువారి పండుగకు ముత్యాలు పంపిన చరిత్ర గల సమాజం తన పండుగ నాడు తలుపులు మూసుకుని నవ్వాలా?

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మత వివక్ష లేని వైద్యాన్ని ప్రతి ఒక్కరికీ హక్కుగా ఇచ్చింది. ముంపు మండలాల ఆసుపత్రులలో తెలుగు, ఉర్దూ, కోయ భాషలు తెలిసిన సలహాదారులను నియమించాలని ప్రభుత్వాన్ని అడుగుదాము. 14416 టెలీ మానస్ నంబరును ప్రతి మసీదు గోడ మీద రాయిద్దాము. మసీదు కమిటీలు నెలకు ఒక పూట ఆడవాళ్లు కూర్చుని మనసు విప్పుకునేందుకు చోటు ఇవ్వాలి. సంఘాలు ధర్నాలకు చూపే శ్రద్ధలో కొంత పిల్లల ఆటపాటలకూ చూపాలి.

హక్కుల పోరాటం చాలా కాలం సాగుతుంది. ఏడవడానికి చోటు, నవ్వడానికి తీరిక లేని మనుషులు అంత దూరం నడవలేరు.