కట్టు వదిలితే కష్టమంతా రోడ్డు పాలు

మాఘమాసం దాటిందంటే గుంటూరు మిర్చి యార్డుకు వెళ్ళే దారులన్నీ టిక్కీల బండ్లతో నిండిపోతాయి. 2022లో పల్నాడు, బాపట్ల జిల్లాలు వేరుపడినా సరకు నడక మాత్రం మారలేదు. చెమటోడ్చి పండించిన పంటను బండికెత్తే వేళ రైతు ధర గురించి, తూకం గురించి, కిరాయి గురించి నాలుగుచోట్ల వాకబు చేస్తాడు. ఆ పంటను బండిమీద నిలబెట్టే తాడు ఎలాంటిదో మాత్రం అడగడు. డ్రైవరు సీటు కింద ఏది ఉంటే అదే కట్టు. ముడిమీద ముడి పడిన పాత మోకైనా, ఎండకు పెళుసుబారిన ప్లాస్టిక్ తాడైనా సరే. ఇది శోచనీయం.

నిండు లోడుతో వస్తున్న లారీ ఉన్నట్టుండి బ్రేకు వేస్తే బండి ఆగుతుంది గాని సరకు ఆగదు. ఐరోపా దేశాలలో పాటించే లెక్క ప్రకారం, సరకు బరువులో పదింట 8 వంతుల తోపుడును ముందువైపు, 5 వంతుల తోపుడును పక్కలకు, వెనక్కి తట్టుకునే ఏర్పాటు ఉండాలి. అంటే 5 టన్నుల సరకు 4 టన్నుల బలంతో ముందుకు దూకవచ్చు. అందులో కొంత బండి ముందు పలక, అడుగు రాపిడి ఆపినా మిగతా భారమంతా కట్టుదే.

తాళ్ళన్నీ ఒకటి కావు. కొబ్బరి మోకు గరుకుగా ఉండి ముడి జారదు. కాని లావుకు తగ్గ బలం దానికి లేదు. జనపనార తాడు తడిలో పడి ఉంటే కుళ్ళుతుంది. నైలాను తాడు గట్టిదే అయినా లాగితే సాగుతుంది, తడిస్తే మరింత సాగుతుంది. చవకగా దొరికే పాలీప్రొపిలీన్ తాడు ఎండలో ఉండేకొద్దీ బలం కోల్పోతుంది. వీటన్నిటికంటే పాలియెస్టరు బెల్టు మేలు. అది తక్కువ సాగుతుంది, నీటికి చెడదు. వెడల్పుగా ఉండటం వల్ల గోతాన్ని కోయదు. బిగించే మరతో సహా దొరుకుతుంది. ఎంత భారానికి పనికివస్తుందో చీటీమీద రాసి ఉంటుంది. చీటీ లేని బెల్టును నమ్మరాదు.

మాచర్ల నాపరాళ్ళ సంగతి వేరు. రాతి అంచు బెల్టునైనా, తాడునైనా కోసివేస్తుంది. అక్కడ ఇనుప గొలుసు వాడాలి. లేదా అంచున మందపాటి రబ్బరు ముక్క పెట్టి బెల్టు వేయాలి.

ఎంత మంచి తాడైనా ముడి పడినచోట దాని బలం మూడో వంతు నుంచి సగం దాకా తగ్గవచ్చు. తెగిన బెల్టును ముడివేసి వాడటం ప్రమాదాన్ని పిలిచి తెచ్చుకోవడమే. బయలుదేరిన కొద్ది మైళ్ళకే గోతాలు అణిగి కట్టు వదులవుతుంది. అక్కడ బండి ఆపి మళ్ళీ బిగించాలి. ఈ పనికి అయిదు నిమిషాలు చాలు.

సరకు బండి పక్కలకు గాని, ముందు వెనుకలకు గాని, అనుమతించిన ఎత్తు దాటి గాని పొడుచుకు వస్తే 20,000 రూపాయల జరిమానా అని 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం చెబుతోంది. అయినా డబ్బు నష్టం పూడ్చుకోగలిగినదే. జారిన టిక్కీ కింద పడేది వెనుక మోపెడ్ మీద వస్తున్న మరో రైతు కావచ్చు. లోడు పైన కూర్చున్న కూలీ కావచ్చు. ఆ నష్టాన్ని ఏ బీమా పూడ్చగలదు?

తనిఖీ అధికారులు కాగితాలతోపాటు కట్టును కూడా చూడాలి. మార్కెట్ కమిటీలు మంచి బెల్టులను యార్డులోనే రైతులకు చవకగా అందించే ఏర్పాటు చేయాలి. కిరాయి మాట్లాడేటప్పుడే తాడు చూపించమని అడగటం రైతు హక్కు. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ప్రయోజనం లేదు.