పూతరేకు ‘పేపర్ స్వీట్’ ఎట్లయినది?

ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు లభించినందుకు కోనసీమవాసులమందరమూ సంతోషించాము. సంతోషించవలసినదే. కానీ ఏ పేరుకు ఆ గౌరవం దక్కినదో ఆ పేరునే వెనుకకు నెట్టి, పెట్టెలపై ‘పేపర్ స్వీట్’ అని అచ్చువేస్తుంటే చూస్తూ ఊరుకోవడం నాకు చేతకాదు.

బడిలో ఏళ్ల తరబడి సమాసాలు చెప్పినవాణ్ణి, నా చాదస్తం కాస్త సహించండి. ‘పూయు’ నుండి పూత. పూత చేత ఏర్పడిన రేకు పూతరేకు. తృతీయా తత్పురుషం. చేసే విధానమంతా ఆ నాలుగక్షరాలలోనే ఉన్నది. నానబెట్టి రుబ్బిన బియ్యపు పిండిని పలుచగా జారుగా కలిపి, అందులో గుడ్డ ముంచి, బోర్లించిన కుండపై ఒక్క విసురున పూస్తారు. కుండ లోపల కొబ్బరాకుల మంట. క్షణంలో ఆరిన పొరను చిరగకుండా తీయాలి. మంట ఎక్కువైనా కష్టమే, తక్కువైనా కష్టమే. పొగలో, సెగలో కూర్చుని ఈ పని చేసేది చాలావరకు ఆడవారు. ‘పేపర్’ అనగానే ఆ పూసిన చేయి మాయమవుతుంది. కాగితం మిల్లులో తయారవుతుంది మరి!

‘పరాయి ఊరివారికి అర్థం కావద్దా?’ అంటారు. ఇటలీలో సియెనా నగరపు బాదం మిఠాయి రిచ్చారెల్లి. దానికి 2010లో ఐరోపా సమాఖ్య ఇటువంటి గుర్తింపే ఇచ్చింది, ఆ పేరుతోనే. మన నాలుకకు రిచ్చారెల్లి తిరుగుతుంది గానీ, వారి నాలుకకు పూతరేకు తిరగదా?

లోపల ఏమి పెట్టాలన్నదానిపై నాకు పేచీ లేదు. చక్కెర రేకులూ, బెల్లం రేకులూ రెండూ మనవే. బాదం, జీడిపప్పు వేసుకోండి, చాకొలెట్టయినా సరే. నేతికి బదులు వనస్పతి రాసి ఆత్రేయపురం పేరు పెట్టడం మాత్రం మోసమే.

అసలు మాట ఒకటున్నది. 1999 నాటి చట్టం ప్రకారం, ఆ వస్తువును ఉత్పత్తి చేసేవారు ‘అధీకృత వినియోగదారు’గా పేరు నమోదు చేయించుకోవచ్చు. ఆ అవకాశం దుకాణదారులకు మాత్రమే తెలిస్తే చాలదు. కుండ ముందు కూర్చున్న తల్లులకు ఆ దరఖాస్తును తెలుగులో చదివి వినిపించి, దగ్గరుండి పూర్తిచేయించే పని సంఘాల పెద్దలు, ఊళ్లోని చదువుకున్నవారు తలకెత్తుకోవాలి. పెట్టెపై యజమాని బొమ్మకు చోటున్నప్పుడు, రేకు తీసిన ఆమె పేరుకు ఒక్క పంక్తి చోటు లేకపోదు.