షీర్ ఖుర్మా పేరులో చక్కెర లేదు

మూడేళ్ళ కిందటి రంజాన్ పండగ. ఈద్గాహ్ నుంచి వచ్చి అబ్బా ఇలా కూర్చున్నారో లేదో, కటోరీ నిండా షీర్ ఖుర్మా తెచ్చి చేతిలో పెట్టాను. "వద్దు బేటీ, షుగర్ ఎక్కువగా ఉంది" అన్నారు. "పండగపూట ఒక్క కటోరీకి ఏమవుతుంది అబ్బా?" అన్నాను. లోపల్నుంచి అమ్మీ కూడా "బిడ్డ అంత మొహబ్బత్‌తో ఇస్తుంటే కాదంటారేంటి?" అంది. తిన్నారు.

ఆ తర్వాత ఈద్ ములాకాత్‌కి బయల్దేరారు. చిచ్చా ఇల్లు, ఫుప్పూ ఇల్లు, పాత దోస్తుల ఇళ్ళు. మగ్రిబ్ వేళకి తిరిగొచ్చి, మొత్తం తొమ్మిది కటోరీలు అయ్యాయని ఆయనే నవ్వుతూ చెప్పారు. తొమ్మిది ఇళ్ళలోనూ ఒకటే మాట అన్నారట. ఒక్క కటోరీకి ఏమవుతుంది?

అప్పటికే ఆయన కుడికాలి బొటనవేలి దగ్గర చిన్న పుండు ఉంది. బక్రీద్ నాటికి ఆ వేలు లేదు.

ఆ తొమ్మిది కటోరీల వల్లే వేలు పోయిందని నేను అనను. ఏళ్ళ తరబడి అదుపులో లేని షుగర్ వల్ల అలా అయిందని డాక్టర్ చెప్పారు. అయితే ఆ ఏళ్ళన్నిటిలో ఇలాంటి "ఒక్క కటోరీలు" ఎన్ని ఉన్నాయో ఎవరు లెక్కపెట్టారు? అందులో చాలావాటిని అందించిన చెయ్యి నాదే. నాలుగు మాటలు రాయాలనిపించింది అందుకే.

మీఠా మానెయ్యండి అని చెప్పబోవడం లేదు. మన దస్తర్‌ఖాన్ మీద మీఠా లేకపోతే దావత్ పూర్తయినట్టే ఉండదు. నికాహ్ కుదిరితే మీఠా, బిడ్డ పుడితే మీఠా, ఖురాన్ ఖత్మ్ అయితే మీఠా. ఖుషీని పంచుకునే జుబాన్ మనకి అదే. దాన్ని తీసెయ్యమంటే ఎవరూ వినరు, నేనూ వినను. నేను అడిగేది వేరు. తీపి ఎక్కడ ఉండాలో అక్కడే ఉంచుదాం. ఉండకూడని చోట్ల నుంచి తీసేద్దాం. వద్దన్న మనిషిని బలవంతపెట్టకుండా ఉందాం.

ముందు మా ఇంటి హిసాబ్ చెప్తాను. అప్పట్లో నేను రెండు లీటర్ల పాలకి అరకిలో చక్కెర వేసేదాన్ని. దాదాపు ఇరవై కటోరీలు అయ్యేవి. అంటే కటోరీకి 25 గ్రాములు. ఖర్జూరాల తీపి దీనికి అదనం. అందరి ఇళ్ళలో ఇదే లెక్క అనుకుంటే, అబ్బా ఆ రోజు తిన్న చక్కెర 225 గ్రాములు. పావుకిలోకి పాతిక గ్రాములే తక్కువ. రోజుకి 2000 క్యాలరీలు తినే పెద్దవాళ్ళకి పైనుంచి కలిపిన చక్కెర, తేనె, పళ్ళరసాల తీపి అన్నీ కలిపి 50 గ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది. 25 గ్రాముల లోపు ఉంటే ఇంకా మేలు అంది. ఇది ఏ జబ్బూ లేని మనిషికి చెప్పిన హద్దు.

"పండగ ఏడాదికి రెండుసార్లే కదా" అంటారు. నిజమే. నేనూ అదే అంటున్నాను. అసలు ముసీబత్ పండగలో లేదు, మామూలు రోజుల్లో ఉంది.

ఒక మామూలు రోజు చూడండి. ఫజర్ తర్వాత ఒక చాయ్, నాష్తాతో ఒకటి, దుకాణంలోనో ఆఫీసులోనో ఒకటి, అసర్ తర్వాత ఒకటి. కప్పుకి రెండు చెంచాల చక్కెర. చెంచాకి 4 గ్రాములు అనుకున్నా 32 గ్రాములు అయ్యాయి. చాయ్‌లో ముంచుకునే బిస్కెట్లు, రస్కులు ఇందులో లేవు. మీఠా అనే మాటే ఎత్తకుండా, నోరు తీపి చేసుకున్నామన్న సంబరం కూడా లేకుండా, మంచి హద్దు దాటేశాం. మధ్యాహ్నం బిర్యానీతో 300 మిల్లీలీటర్ల కూల్‌డ్రింక్ తాగితే ఇంకో 30 గ్రాముల పైనే. "నేను స్వీట్లు ముట్టను" అని గట్టిగా చెప్పే మగవాళ్ళు చాలామంది ఈ లెక్కలోనే ఉంటారు. ఇంట్లో ఆడవాళ్ళు ఎంత జాగ్రత్తగా వండినా, చౌరస్తాలో చాయ్ హోటల్ దగ్గర జరిగేది వాళ్ళ చేతిలో లేదు కదా.

దేశంలో 10 కోట్ల మందికి పైగా షుగర్ ఉందని, మరో 13 కోట్ల మందికి పైగా దాని గడప దగ్గర ఉన్నారని ఐసీఎంఆర్ ఆధ్వర్యంలోని ఇండియాబ్ అధ్యయనం 2023లో తేల్చింది. మన ఖాందాన్లలో అయితే ఈ లెక్క చూడక్కర్లేదు. ఏ దావత్‌లోనైనా భోజనానికి ముందు షేర్వానీ జేబులోంచి బిళ్ళల డబ్బీ తీసే చేతుల్ని చూస్తే చాలు.

మరి ఏం చేయాలి? మా ఇంట్లో చేసినవే చెప్తాను.

మొదట చాయ్. ఒక్కసారిగా మానలేదు. రెండు చెంచాల నుంచి ఒకటిన్నరకి, పదిహేను రోజులు ఆగి ఒకటికి, ఇంకో పదిహేను రోజులకి అరకి దిగాం. యాలకులు, అల్లం కొంచెం ఎక్కువ వేశాను. మొదటి వారం మొహాలు మాడ్చుకున్నారు. రెండు నెలలు గడిచాక బంధువుల ఇంట్లో పాత తరహా చాయ్ తాగి మా చిన్నోడే "అమ్మీ, ఇది షర్బతా?" అన్నాడు. నాలుక మనం నేర్పినట్టే వింటుంది. దానికి కొంచెం సబర్ కావాలంతే.

తర్వాత షీర్ ఖుర్మా. ఒకసారి దాని పేరు చూడండి. ఫార్సీలో షీర్ అంటే పాలు, ఖుర్మా అంటే ఖర్జూరం. పాలు, ఖర్జూరం. చక్కెర ఊసే లేదు. ఖుబానీ కా మీఠా కూడా అంతే. ఎండు ఖుబానీయే తియ్యగా ఉంటుంది. పండులో తీపి ఉండగా దాని మీద మళ్ళీ చక్కెర ఎందుకు కుమ్మరిస్తున్నామో ఎప్పుడూ ఆలోచించలేదు.

ఇప్పుడు రెండు లీటర్ల పాలకి 300 గ్రాముల మెత్తటి ఖర్జూరాలు తీసుకుంటాను. గింజలు తీసి, సగం సన్నగా తరిగి కొంచెం నెయ్యిలో వేయిస్తాను. మిగతా సగం గోరువెచ్చటి పాలలో గంట నానబెట్టి మెత్తగా రుబ్బుతాను. పాలు సన్నటి మంట మీద మరిగించి, వేయించిన సన్న సేమియా ఒక గుప్పెడు వేస్తాను. బాదం, పిస్తా, సారపప్పు, యాలకుల పొడి మామూలే. పొయ్యి కట్టేసి, పాలు కాస్త చల్లారాక రుబ్బిన ఖర్జూరం కలుపుతాను. మరుగుతున్నప్పుడు కలిపితే పాలు విరిగే భయం ఉంటుంది. చక్కెర ఒక్క చెంచా కూడా వేయను. ఖుబానీకి అయితే రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్ళతోనే మెత్తగా ఉడికిస్తే సరిపోతుంది. పైన క్రీమ్ బదులు గట్టి పెరుగు వడగట్టి వేస్తే పులుపూ తీపీ భలే కుదురుతాయి.

ఇక్కడ ఒక సంగతి నిజాయితీగా చెప్పాలి. ఖర్జూరం కూడా తీపే. దాని బరువులో ఇంచుమించు మూడింట రెండొంతులు చక్కెరే ఉంటుంది. దాంతోపాటు పీచు ఉంటుంది, నాలుగు తింటే కడుపు చాలంటుంది. అంతే తేడా. పై కొలతతో కటోరీకి 10 గ్రాముల దాకా ఖర్జూరం తీపి పడుతుంది. మునుపటి 25 కంటే చాలా నయం, కానీ సున్నా కాదు. కాబట్టి "ఇది హెల్దీ" అని రెండు కటోరీలు లాగించే ఇజాజత్ ఎవరికీ లేదు. షుగర్ ఉన్నవాళ్ళు తమకి ఎంత సరిపడుతుందో డాక్టర్‌ని అడిగి తినాలి. మేం పాత కటోరీలు పైన పెట్టేసి, సగం సైజువి కొన్నాం.

బెల్లం గురించి కూడా చాలామంది అడుగుతారు. చక్కెర బదులు బెల్లమో తేనో వేస్తే సరిపోతుందా అని. రుచి కోసం అయితే వేసుకోండి. షుగర్ లెక్కలో మాత్రం అవి చక్కెరకి చుట్టాలే. బెల్లంలో ఎక్కువ భాగం చక్కెరే. కృత్రిమ తీపి బిళ్ళల సంగతికొస్తే, బరువు తగ్గడానికి వాటిని నమ్ముకోవద్దని 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా ఇచ్చింది. ఆ సలహా ఇప్పటికే షుగర్ ఉన్నవాళ్ళకి వర్తించదని కూడా చెప్పింది. వాళ్ళు డాక్టర్ మాట వినాలి. నా భయం వేరే. బిళ్ళ వేసినా నాలుక మాత్రం అంత తీపినే రోజూ కోరుతుంది.

"హుజూర్ (స) గారికి హల్వా, తేనె ఇష్టమని హజ్రత్ ఆయిషా (రజి) గారి రివాయత్ ఉంది కదా, మీరేంటి?" అని మా ఖాలా ఒకరు నిలదీశారు. ఉంది. అవే హదీస్ కితాబుల్లో ఆయన ఖర్జూరాన్ని దోసకాయతో కలిపి తిన్నారనీ, పుచ్చకాయతో కలిపి తిన్నారనీ కూడా ఉంది. కడుపులో మూడో వంతు తిండికి, మూడో వంతు నీళ్ళకి, మూడో వంతు ఊపిరికి వదలాలన్న మాట కూడా ఉంది. ఇష్టమైనది అంటే ఎప్పుడో దొరికినప్పుడు శుక్ర్ చేసి తినేది. చాయ్ కప్పులో రోజుకి ఎనిమిది చెంచాలు కలుపుకోవడానికి ఆ రివాయత్‌ని దలీల్‌గా చూపించడం నాకైతే అదబ్ అనిపించదు. తినడానికి, తాగడానికి ఇజాజత్ ఇచ్చిన ఆయత్‌లోనే ఇస్రాఫ్ వద్దన్న హెచ్చరిక కూడా ఉంది.

ఇఫ్తార్ సంగతి కూడా చూడండి. ఖర్జూరంతో, లేదంటే నీళ్ళతో రోజా విప్పడం సున్నత్. మనమేమో ఖర్జూరం తిన్న మరుక్షణం పెద్ద గ్లాసుతో ఎర్ర షర్బత్ గడగడా తాగేస్తాం. పొద్దుటి నుంచి ఖాళీగా ఉన్న కడుపులో అంత తీపి ఒక్కసారిగా పడుతుంది. షర్బత్ బదులు నీళ్ళలో నిమ్మకాయ, పుదీనా, సబ్జా గింజలు వేస్తే దాహం తీరుతుంది. ఫ్రూట్ చాట్ మీద చక్కెర చల్లకపోతే జామ, పుచ్చ, బొప్పాయి వాటి రుచి అవే చూపిస్తాయి. మసీదు ఇఫ్తార్‌కి ఎవరైనా సామాను ఇస్తామంటే షర్బత్ సీసాల బదులు పళ్ళు ఇమ్మని కమిటీ పెద్దలు చెప్పవచ్చు. సవాబ్ ఏమీ తగ్గదు.

వలీమా దావత్‌ల గురించి చెప్పకపోతే మాట పూర్తి కాదు. ఒకే దస్తర్‌ఖాన్ మీద డబుల్ కా మీఠా, ఖుబానీ కా మీఠా, పైన ఐస్‌క్రీమ్. బ్రెడ్‌ని నెయ్యిలో వేయించి పాకంలో ముంచిన డబుల్ కా మీఠా రుచి నాకూ తెలుసు, నేనేం ఔలియాని కాదు. కానీ మూడు రకాలు పెడితే మూడూ రుచి చూడకుండా లేచేవాళ్ళు ఎంతమంది? ప్లేట్లలో సగం మిగిలి పారబోసేది ఎంత? ఒక్క మీఠా పెట్టండి, బాగా చేయించండి. మేహమాన్లు దాన్నే గుర్తు పెట్టుకుంటారు. ఖర్చూ తగ్గుతుంది. ఆడపిల్ల తండ్రి మీద భారం పడే దావత్‌లలో అయితే ఇది ఇంకా అవసరం.

ఇక అన్నిటికంటే ముఖ్యం అనిపించే మాట. మన ఇళ్ళలో బలవంతపెట్టి తినిపించడాన్ని మెహమాన్‌నవాజీ అనుకుంటాం. వద్దన్నవాళ్ళు తకల్లుఫ్ చేస్తున్నారనుకుంటాం. నిజంగా తకల్లుఫ్ చేసేవాళ్ళు ఉంటారు. కానీ ఈ రోజుల్లో వద్దన్న మనిషి వెనక ఒక రిపోర్టు ఉండొచ్చు, మానని పుండు ఉండొచ్చు, నలుగురిలో చెప్పుకోలేని భయం ఉండొచ్చు. అబ్బా ఆ రోజు నాకు నిజమే చెప్పారు. నేనే వినలేదు. మన జిస్మ్ మనకి అమానత్ అంటాం. ఎదుటివాళ్ళ జిస్మ్ కూడా అమానతే. ఇప్పుడు మా ఇంటికి ఎవరొచ్చినా ఒక్కసారి అడుగుతాం. వద్దంటే జామకాయ ముక్కలో, గుప్పెడు బాదమో పెడతాం. రెండోసారి అడగం. ఎవరూ బురా మానలేదు. కొందరి మొహంలో సుకూన్ కనిపించింది.

మొన్నటి పండగకి అబ్బా కోసం చిన్న కటోరీలో షీర్ ఖుర్మా ఇచ్చాను. నెమ్మదిగా, చివరి చుక్క దాకా తిన్నారు. "ఇంకొంచెం?" అన్నట్టు చూశారు. నేను కటోరీ తీసుకుని సింక్‌లో పెట్టేశాను. ఆయన నవ్వి ఊరుకున్నారు. ఆ తర్వాత చిచ్చా ఇంటికి వెళ్తూ, "నాకు మీఠా వద్దని ముందే ఫోన్ చేసి చెప్పు బేటీ" అన్నారు. చెప్పాను. అక్కడ ఆయనకి పుచ్చకాయ ముక్కలు పెట్టారట.

అల్లాహ్ మన పెద్దవాళ్ళకి సెహత్, మన దస్తర్‌ఖాన్‌లకి బర్కత్ ప్రసాదించుగాక. ఆమీన్.