పంజరములో పచ్చని కొమ్మ

జోడ్‌భావి పేటలో మరమగ్గముల చప్పుడు నడుమ అక్కడక్కడ పంజరపు పక్షుల కిచకిచలును వినవచ్చుచున్నవి. మన పిల్లలు లవ్ బర్డ్స్ అని పిలుచు ఆ చిన్న పిట్టలలో పెక్కు నిజమునకు ఆస్ట్రేలియా దేశపు బడ్జరిగార్లు. 1840లో జాన్ గూల్డ్ అను పక్షిశాస్త్రవేత్త వానిని ప్రాణములతో ఇంగ్లండునకు కొనిపోయెను. అటుపిమ్మట అవి లోకమంతటను పంజరములకు ఎక్కినవి. స్వదేశమున అవి గుంపులు గుంపులుగా ఎగిరి గడ్డిగింజలు ఏరుకొని, చెట్టుతొఱ్ఱలలో పిల్లలను పెంచుకొను జీవులు. గుప్పెడు కొఱ్ఱలు, గిన్నెడు నీళ్ళు పెట్టినంతనే మన ధర్మము తీరినదనుకొనుట సరికాదని మా యభిప్రాయము. ఎగురు స్వేచ్ఛను తీసికొన్నవారు కొమ్మనైనను ఈయవలెను.

కొమ్మ పంజరమునకు అలంకారము కాదు, పక్షికి ఆరోగ్యము. అంగడి పంజరములోని పుల్ల మొదటినుండి చివరివఱకు ఒకే లావు, ఒకే నునుపు. దానిపై రేయింబవళ్ళు నిలిచిన పక్షికి పాదములో ఒకేచోట ఒత్తిడి పడి పుండ్లు పుట్టును. చెట్టుకొమ్మ యట్లు గాదు. ఒకచోట సన్నము, ఒకచోట లావు. అడుగు మార్చినప్పుడెల్ల పట్టు మారును. బెరడును కొఱుకుటవలన ముక్కు అరుగును, ప్రొద్దును పోవును. పనిలేని చిలుకజాతి పక్షి విసుగుతో తన యీకలను తానే పెఱికికొనుటయు కలదు.

అయితే పచ్చనిదెల్ల మేలైనది కాదు. వేప, జామ, మందార, మునగ కొమ్మలు ఈయవచ్చును. మునగాకు, కొత్తిమీర, తోటకూర కొద్దికొద్దిగా పెట్టవచ్చును. గన్నేరు, పచ్చగన్నేరు, జిల్లేడు, ఉమ్మెత్త, ఆముదము విషములు. వాని యాకొక్కటియు పంజరము దరిదాపులకు రారాదు. ఇచ్చట మన పిల్లలకు రెండు భాషల యెఱుక అక్కఱకు వచ్చును. మన వేప పొరుగువారికి కడునింబ్, మునగ వారికి శేవగా, జామ పేరూ, గన్నేరు కణ్హేర్, ఉమ్మెత్త ధోత్రా. పొరుగింటి పెరటినుండి కొమ్మ నడుగు పిల్లవాడు ఈ పేరులను ఎఱుగనిచో, తాను తెచ్చినది మేతయో విషమో తెలిసికొనజాలడు. మాతృభాషలో చెట్టు పేరు నేర్చుట పరీక్ష కొఱకు మాత్రమే కాదు, ఒక ప్రాణమును కాపాడుటకును.

మఱియొక జాగ్రత్త. జొన్న మన సోలాపురపు పంట. పండిన జొన్నగింజ పక్షికి మంచి మేతయే. కాని లేత జొన్నపైరులో సయనైడును పుట్టించు పదార్థము ఉండును; దానిని మేసి పశువులు చచ్చుట రైతు లెఱిగినదే. కావున కుండీలో పచ్చిక మొలపింపగోరువారు గోధుమలు చల్లుదురు గాక.

“మా యింట మగ్గమునకే చోటు చాలదు, తోట యెక్కడిది?” అని తల్లిదండ్రు లనవచ్చును. నిజమే. కాని పాత డబ్బాలో కొత్తిమీర పెరుగును; చిన్న పిట్టకు చిటికెనవ్రేలి లావు కొమ్మ చాలును. పురుగుమందు చల్లని చెట్టునుండి కోసి, నీట రుద్ది కడిగి, ఎండలో ఆరబెట్టి, దాని చివరలను చువ్వల నడుమ బిగింపవలెను. దారముతో కట్టరాదు. నేతవారి యిండ్లలో నూలుపోగులు గాలికి ఎగురుచుండును గనుక పంజరమును దినదినము దులుపవలెను. పోగు పక్షికాలికి చుట్టుకొనెనా, రక్తము ఆడక వ్రేలు ఎండిపోవును. మనకు అన్నము పెట్టు నూలు దానికి ఉరి కారాదు.

రామచిలుక మాట వేఱు. అది మన దేశపు వన్యపక్షి. 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టము ననుసరించి దానిని పట్టుటయు, అమ్ముటయు, పంజరమున నుంచుటయు నేరము. ఎంత మంచి కొమ్మ యిచ్చినను ఆ దోషము పోదు. ఇంట నున్నచో అటవీశాఖవారికి అప్పగింపవలెను. దానికి తగిన కొమ్మ చెట్టుననే కలదు.

విద్యార్థులారా, మీ వీధిలోని చెట్ల పేరులను తెలుగులోను మరాఠీలోను వ్రాసి, ఈయదగినవానిని, ఈయరానివానిని వేఱుపఱచి, ఇంట పెద్దలకు చదివి వినిపింపుడు. ఆ పట్టికను పంజరము ప్రక్కన తగిలింపుడు. క్రొత్తగా పక్షిని కొనదలచువారు ముందుగా కొమ్మను సిద్ధపఱచుకొందురు గాక. కొమ్మను తేలేనివారు పక్షిని తేకుండుటయే మేలు.