అరసున్న రాలిన పేరు

హైదరాబాదు పేరు మార్చాలన్న నినాదం 2020 నగరపాలక ఎన్నికల ప్రచారంలో బిగ్గరగా వినిపించి, ఆ తరువాత కూడా అడపాదడపా లేస్తూనే ఉంది. ఉర్దూ పేర్లు తెలుగు నోటికి పరాయివన్న నమ్మకమే దానికి ఊపిరి. ఆ నమ్మకంలో పస ఎంతో తేల్చడానికి మాసబ్ ట్యాంక్ అన్న ఒక్క పేరు చాలు.

లక్డీకాపూల్ నుంచి మెహదీపట్నం పోయే దారిలోని ఈ చోటుకు అసలు పేరు 'మాఁ సాహెబా తాలాబ్', అనగా అమ్మగారి చెరువు. 'మాఁ' ఉర్దూలో తల్లి. 'సాహెబా' అరబ్బీ నుంచి వచ్చిన 'సాహెబ్' అన్న గౌరవవాచకానికి స్త్రీలింగ రూపం. ఆ అమ్మగారు హయాత్ బక్షీ బేగం: 1591లో నగరాన్ని నిర్మించిన మహమ్మద్ కులీ కుతుబ్ షాకు కూతురు, ఆయన తరువాత ఏలిన సుల్తాన్ మహమ్మద్‌కు భార్య, 1626లో చిన్నతనంలోనే గద్దెనెక్కిన అబ్దుల్లాకు తల్లి. కొడుకు పక్షాన రాజ్యభారం మోసి, 1656లో ఔరంగజేబు గోల్కొండను ముట్టడించినప్పుడు సంధి మాటలకు స్వయంగా వెళ్లిన ఆమె పేరు మీదనే హయత్‌నగర్ కూడా వెలసింది. చెరువు పోయింది, అక్కడిప్పుడు చాచా నెహ్రూ పార్కు, ఫ్లైఓవరు, ఎడతెగని వాహనాలు ఉన్నాయి.

నీటితో పాటు అర్థమూ ఇంకిపోవడానికి కారణం రాతలోనే కనబడుతుంది. ఉర్దూలో 'మాఁ' చివర ముక్కుతో పలికే 'నూన్' అక్షరం ఉంటుంది. తెలుగులో ఆ పని చేయవలసిన అరసున్న వాడుక నుంచే తప్పుకొంది కనుక, మిగిలిన 'మా' తెలుగు చెవికి తల్లిగా కాక 'మాది' అన్నట్టుగా తోస్తుంది. ఆ తెలుగు 'మా' సామాన్యమైనది కాదు. వినేవారిని కలుపుకొంటే 'మన', వారిని పక్కన పెడితే 'మా'. 'మన ఊరు' అన్నప్పుడు ఎదుటివాడు ఊరివాడే, 'మా ఊరు' అన్నప్పుడు అతిథి. హిందీ, ఉర్దూల 'హమారా' ఈ తేడాను చూపదు. సంస్కృతంలో 'మా' వద్దని వారించే అవ్యయం, లక్ష్మికి పేరు కూడా. మాధవుడన్న మాటకు లక్ష్మీపతి అన్న అర్థం అలాగే వచ్చింది. అరబ్బీలో 'మా'కు 'ఏమిటి' అనీ, 'కాదు' అనీ అర్థాలు. చివర గొంతులో చిన్న విరుపు చేరితే నీరు. చైనీయులు స్వరం మార్చి అదే అక్షరంతో తల్లిని, జనపనారను, గుర్రాన్ని, తిట్టును చెబుతారు. పాలు తాగే బిడ్డ ముక్కుతో తీసే మూలుగే చాలా భాషల్లో తల్లి పేరయిందని భాషాశాస్త్రవేత్త రోమన్ యాకబ్సన్ వివరించాడు. జార్జియా భాషలో మాత్రం 'మామ' అంటే తండ్రి.

ఇన్ని భాషలు పంచుకున్న అక్షరాన్ని ఏ ఒక్కరి ఆస్తిగా రాసివ్వడం కుదరదు. చిన్నయసూరి బాలవ్యాకరణంలోని తత్సమ, తద్భవ, దేశ్య, గ్రామ్య విభాగాలను బడిలో వల్లెవేసిన పండితులు, ఆ నాలుగింటిలో ఇమడని మాటను గుమ్మం బయట నిలబెట్టి, అదే భాషాభిమానమని చెప్పుకొంటున్నారు. వారు ఒక్క సంగతి గుర్తుచేసుకోవాలి: సంస్కృత పదం సోకని అచ్చతెలుగులో తొలి కావ్యంగా పేరొందిన పొన్నెగంటి తెలగనార్యుని 'యయాతి చరిత్ర'ను అంకితం పుచ్చుకున్నది కుతుబ్ షాహీల అధికారి అమీన్‌ఖాన్. అచ్చతెలుగును ఆదరించిన కొలువు భాషను పరాయిదనడం చరిత్ర తెలియకపోవడం కాదు, తెలిసీ దాచడం. పాలకులు మారినప్పుడల్లా ఊళ్ల పేర్లు మారడం మామూలేనని కొందరంటారు; మాసబ్ ట్యాంక్ పేరును ఏ పాలకుడూ మార్చలేదు, అర్థం తెలియని రాతే దాన్ని అరగదీసింది.

2017లో తెలంగాణ అంతటా రెండో అధికార భాషగా ఉర్దూను గుర్తించిన ప్రభుత్వానికి ఇక్కడ చేయవలసిన పని చిన్నదే. నామఫలకాల మీద 'మాసబ్' బదులు అరసున్నతో 'మాఁ సాహెబా' అని రాయించి, కింద హయాత్ బక్షీ బేగం ఎవరో రెండు వాక్యాల్లో తెలుగులోనూ ఉర్దూలోనూ చెప్పించాలి. లలితకళల కళాశాల ఆ మాసబ్ ట్యాంక్‌లోనే ఉంది. అక్షరాలు దిద్దే పని అక్కడి విద్యార్థులకే అప్పగించవచ్చు.