అయిదు రోజుల తర్వాత...

విశాఖ వెళ్తే బీచ్‌రోడ్డులో 'విక్టరీ ఎట్ సీ' స్మారకం దగ్గర ఓసారి ఆగుతాం. పిల్లల్ని నిలబెట్టి ఫొటో తీస్తాం. 1971 యుద్ధంలో పాకిస్థాన్ జలాంతర్గామి ఘాజీ ఇక్కడే మునిగిపోయిందని గర్వంగా చెబుతాం. డిసెంబరు 4న మన నౌకాదళం కరాచీ మీద దాడి చేసింది. అందుకే ఆ రోజు నౌకాదళ దినోత్సవం.

మరి సరిగ్గా అయిదు రోజుల తర్వాత ఏం జరిగింది?

డిసెంబరు 9 రాత్రి. అరేబియా సముద్రంలో, డయ్యూ తీరానికి సుమారు 40 నాటికల్ మైళ్ల దూరంలో ఐఎన్ఎస్ ఖుక్రీ శత్రు జలాంతర్గామిని వెతుకుతోంది. తోడుగా ఐఎన్ఎస్ కిర్పాన్ ఉంది. కానీ వెతుకుతున్న హంగోరే ముందు దాడి చేసింది. టార్పెడో తగిలిన కొద్ది నిమిషాల్లోనే ఖుక్రీ మునిగిపోయింది. 18 మంది అధికారులు, 176 మంది నావికులు తిరిగి రాలేదు.

కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లా బయటపడే ప్రయత్నం చేయలేదు. తనవాళ్లను తప్పించే పని చూస్తూ నౌకతోపాటే వెళ్లిపోయారు. ప్రభుత్వం ఆయనకు మరణానంతరం మహావీరచక్ర ప్రకటించింది.

సముద్రంలో పోయినవాళ్లకు సమాధి ఉండదు. గంగలో కలపడానికి అస్థికలూ ఉండవు. ఇంటివాళ్లు ఓ పువ్వు పెట్టాలన్నా చోటు కావాలి కదా! డయ్యూలో సముద్రానికి ఎదురుగా, చిన్న గుట్ట మీద ఉన్న స్మారకమే ఆ చోటు. అద్దాల గదిలో ఖుక్రీ నమూనా కనిపిస్తుంది.

ఈ కథకి మన విశాఖతోనూ బంధం ఉంది. అదే పేరుతో 1989లో నౌకాదళంలో చేరిన మరో ఖుక్రీ, 32 ఏళ్లు పనిచేసి 2021 డిసెంబరు 23న విశాఖలోనే విశ్రాంతి తీసుకుంది. సూర్యాస్తమయం వేళ జెండా దించారు. ప్రదర్శనశాలగా మార్చేందుకు 2022లో దాన్ని డయ్యూకి అప్పగించారు. ఏ నీళ్లలో పాత ఖుక్రీ నిద్రపోతోందో, ఆ తీరానికే కొత్తది చేరింది.

ఘాజీలో ఉన్న 93 మందీ కూడా ఇంటికి వెళ్లలేదు. వాళ్ల కోసమూ ఎక్కడో ఓ తల్లి గుమ్మంలో ఎదురుచూసే ఉంటుంది.

ఈసారి బీచ్‌రోడ్డుకి వెళ్లినప్పుడు పిల్లలకు డిసెంబరు 4 గురించి చెప్పండి. ఆ వెంటనే డిసెంబరు 9 గురించీ చెప్పండి. గెలుపు వెనక ఎంతమంది ఉన్నారో వాళ్లకు తెలియాలి.