ధ్వనికి దుబాసీ

కంప్యూటరుకు తెర ముఖమైతే, ధ్వని దాని గొంతు. ఆ గొంతు పెగలాలంటే సౌండ్ డ్రైవర్ ఉండాలి. డ్రైవర్ అనగానే వాహనం నడిపే మనిషి స్ఫురిస్తాడు. ఇక్కడ మాత్రం అది ఆపరేటింగ్ సిస్టమ్ ఆజ్ఞను సౌండ్ కార్డుకు అర్థమయ్యేటట్లు చెప్పే దుబాసీ వంటి ప్రోగ్రాము. సోర్స్ కోడ్ అందరికీ అందుబాటులో ఉండే లినక్స్ వంటి వ్యవస్థలో ఈ దుబాసీని ఎన్నుకొనే స్వేచ్ఛ వినియోగదారులదే; దానితోపాటు వచ్చే బాధ్యత కూడా వారిదే.

1991లో ఫిన్లాండ్ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ లినక్స్ కెర్నల్‌ను లోకానికి అందించాడు. తొలినాళ్లలో దానికి గొంతునిచ్చింది హన్ను సవొలైనెన్ రూపొందించిన ఓపెన్ సౌండ్ సిస్టమ్. కాలక్రమంలో దాని మెరుగైన రూపాలు వాణిజ్య సంస్థ అధీనంలోకి వెళ్లాయి. వాటి కోడ్ అందరికీ అందకుండా పోయింది. 1998లో యారొస్లావ్ కిసెలా ఆరంభించిన 'ఆల్సా' ఆ లోటును తీర్చింది. 2003 డిసెంబరులో వెలువడిన 2.6 కెర్నల్‌లో అది ప్రధాన స్థానాన్ని పొందింది. నేడు వాడుకలో ఉన్న పల్స్ ఆడియో, పైప్‌వైర్ డ్రైవర్లు కావు. అవి ఆల్సాపై ఆధారపడి వివిధ ప్రోగ్రాముల ధ్వనులను కలిపి పంచే వ్యవస్థలు.

పాట వినిపిస్తే చాలదా, ఏ డ్రైవరైతేనేమి అనేవారున్నారు. విజయవాడలోని భవానీపురం చెంతనే కృష్ణమ్మ ప్రవహిస్తుంది. దిగువన ప్రకాశం బ్యారేజి ఆ నీటిని డెల్టా కాలువలకు మళ్లిస్తుంది. శివారు పొలానికి నీరందినప్పుడే కాలువకు సార్థకత. ధ్వని విషయంలో ఆ శివారున ఉన్నవారు చూపులేని విద్యార్థులు. 'ఓర్కా' వంటి ప్రోగ్రాము తెరపై అక్షరాలను చదివి వినిపిస్తేనే వారికి చదువు. పూర్వం చాలా కార్డులపై ఒక ప్రోగ్రాము పలుకుతున్నంతసేపు మరొకటి మూగబోయేది. ఇతరులకు అది చిన్న అసౌకర్యం; చూపులేనివారికి చేతిలో పుస్తకం మూతపడటమే.

ధ్వనులను కలిపే సౌకర్యం ఆల్సాలోనూ, తరువాత ఓపెన్ సౌండ్ సిస్టమ్ నాలుగో రూపంలోనూ ఏర్పడింది. 2007లో ఆ రెండవదాని కోడ్ తిరిగి అందరికీ అందింది. దాని సరళతను మెచ్చుకొనేవారు నేటికీ ఉన్నారు. ఆ పద్ధతి ఫ్రీబీఎస్‌డీలో సజీవంగా ఉంది. అయినా లినక్స్ వాడేవారికి ఆల్సాయే శ్రేయస్కరం. కెర్నల్‌తోపాటే పెరుగుతూ, కెర్నల్ మారిన ప్రతిసారీ అది సరిదిద్దబడుతుంది. వేరుగా తెచ్చి అమర్చిన డ్రైవర్ ఈనాడు చక్కగా పలికినా, పోషించేవారు లేకపోతే రేపటి కెర్నల్‌తో మూగబోవచ్చు.

కాబట్టి పాఠశాలకైనా, ఇంటికైనా యంత్రం కొనేముందే దాని సౌండ్ కార్డుకు కెర్నల్‌లో డ్రైవర్ ఉన్నదో లేదో విచారించాలి. ఒక పాట వినగానే తృప్తిపడక మైకును, హెడ్‌ఫోన్‌ను, ఏకకాలంలో రెండు ధ్వనులను పరీక్షించాలి. 2005లో తెలుగునాట మొదలైన 'స్వేచ్ఛ' ప్రాజెక్టు లినక్స్‌ను తెలుగు లిపిలో చూపేందుకు పూనుకుంది. కనిపించే తెలుగు వినిపించాలి కూడా. చూడలేనివారికి అందినప్పుడే ఆ స్వేచ్ఛ సంపూర్ణమవుతుంది.